ఇంటర్ అయిపోయింది, ఇప్పుడేం చేయాలన్నా? మా నెట్ సెంటర్‌లో ఏటా అడిగే ప్రశ్నలు

ముందు ఇది చెప్పన్నా, మాకు చెప్పడానికి నువ్వెవరు?

అడగాల్సిన ప్రశ్నే. నేను లెక్చరర్ని కాదు. నల్లగొండ జిల్లా దేవరకొండలో 2013 నుంచి ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. మెమో ప్రింట్లు, దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్) అప్లికేషన్లు, ఎంసెట్ వెబ్ ఆప్షన్లు, పాన్ కార్డులు, రైలు టికెట్లు, ఏది కావాలన్నా ఇక్కడికే వస్తారు. (ఎప్‌సెట్ అని పేరు మార్చారు గానీ మా కౌంటర్ దగ్గర ఇంకా అందరూ ఎంసెట్ అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను.) ఇంటర్ రిజల్ట్ రోజు మీ మార్కులు మీకంటే రెండు సెకన్ల ముందు నాకు కనపడతాయి, ఆ రెండు సెకన్లూ నా కుర్చీ వెనక ఎవరూ ఊపిరి తీసుకోరు. అదే పిల్లలు నాలుగేళ్లకో ఐదేళ్లకో ఉద్యోగం ఫారం నింపించుకోవడానికో, పెళ్లి కార్డు ఇవ్వడానికో మళ్లీ వస్తారు. ఎవరి బండి ఎటు తిరిగిందో చూస్తూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అంతే. నేను కూడా 2006లో ఇంటర్ లెక్కల్లో తప్పినవాణ్ణే.

నాకు ఏం కావాలో ఇంకా తెలీదు. అందరికీ తెలిసినట్టుంది, నేనొక్కడినే ఇట్లా ఉన్నానా?

అందరికీ తెలిసినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే తెలీనివాళ్లు గట్టిగా మాట్లాడరు. "నేను సీఎస్‌ఈ అన్నా, ఫిక్స్" అని వచ్చిన పిల్లవాణ్ణి ఎందుకు అని అడుగుతాను. పది మందిలో ఏడుగురు "మా బావ చెప్పిండు" అంటారు. పదిహేడేళ్లకి జీవితం మొత్తం తేల్చేయమని నిన్నెవరూ అడగలేదు, ఈ జూన్‌లో నువ్వు తేల్చాల్సింది వచ్చే మూడు నాలుగేళ్లు ఎక్కడ కూర్చుంటావన్నదొక్కటే.

ఇంకో సంగతి. ఇంటర్‌లో తీసుకున్న గ్రూపు తలరాత అనుకుంటారు. లెక్కలు లేకుండా ఇంజనీరింగ్ దాదాపు కుదరదు, బయాలజీ లేకుండా ఎంబీబీఎస్ కుదరదు, అది నిజం. కానీ గ్రూప్-2, బ్యాంకు పీవో, మూడేళ్ల ఎల్ఎల్‌బీ, చివరికి సివిల్స్ కూడా డిగ్రీ ఉందా అని అడుగుతాయి గానీ ఇంటర్‌లో ఏం చదివావని అడగవు. సీఈసీ చదివినవాళ్లు తలొంచుకుని రావడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఫెయిలయ్యాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఈరోజే చెప్పు. రాత్రి అన్నం తిన్నాక చెప్పు, పొద్దున పనికి పోయే తొందరలో చెప్పకు. ముందు అమ్మకి చెప్పాలా నాన్నకి చెప్పాలా అనేది నీకే బాగా తెలుసు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఇలా అను: "ఒక సబ్జెక్టు పోయింది, సప్లీ ఉంది, ఫీజు కట్టాలి." మూడు ముక్కలు. మూడో ముక్క వినగానే ఇంట్లోవాళ్ల బుర్ర తిట్టడం నుంచి డబ్బులు ఎక్కడివి అనే దాని మీదకి పోతుంది. నవ్వుతున్నావా? నా విషయంలో అలాగే జరిగింది. మా నాయిన గంటసేపు తిట్టి, ఆఖరికి "ఫీజు ఆఖరి తేదీ ఎప్పుడు" అని అడిగాడు.

సప్లిమెంటరీ పరీక్షలు మామూలుగా మే, జూన్ మధ్యలో అయిపోతాయి. పాసయితే ఏడాది పోదు, అదే ఏడాది దోస్త్‌లోనో ఎంసెట్ కౌన్సెలింగ్‌లోనో కూర్చోవచ్చు. పాస్ కావడానికి కావాల్సింది నూటికి 35. ఒక్క సబ్జెక్టు పోయినవాడికి నెల రోజులు ఎక్కువే, చదవడం మొదలుపెడితే. సిలబస్ మొత్తం మళ్లీ తిరగేయకు, గత ఐదారేళ్ల ప్రశ్నపత్రాలు బోర్డు వెబ్‌సైట్‌లోనో మీ లెక్చరర్ దగ్గరో దొరుకుతాయి, అవి పట్టుకుని కూర్చో. నేను 2006లో అదే చేశాను, 41 వచ్చాయి. ఆ తర్వాత ఎంసీఏ దాకా చదివాను, ఎక్కడా ఎవరూ ఆ 41 ఎందుకొచ్చాయని అడగలేదు.

ఇక అసలు మాట. రిజల్ట్స్ రోజు సాయంత్రం ఫోన్ స్విచాఫ్ చేసి చెరువు దిక్కు, బాయి దిక్కు పోయే పిల్లలు ఉంటారు, ఊళ్లో అందరికీ ఆ భయం ఉంటుంది, ఎవరూ నోరు తెరిచి అనరు. నీకు అలాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే ఒంటరిగా ఉండకు, పక్కన ఎవరున్నా వాళ్లకి చెప్పు. 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, పైసా ఖర్చు లేదు, రాత్రి రెండింటికైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నీ ఫ్రెండ్ ఎవరైనా ఫెయిలయి మౌనంగా ఉంటే వాడి ఇంటికి వెళ్లి కూర్చో. ఏం మాట్లాడాలో తెలీకపోయినా ఫర్వాలేదు, క్యారమ్స్ ఆడండి.

మార్కులు తప్పుగా పడ్డాయని అనిపిస్తోంది. ఎంత గట్టిగా అనిపిస్తే అప్లై చేయాలి?

లెక్కేసుకో. బాగా రాసిన పేపర్‌లో పదో పదిహేనో తగ్గితే ఆలోచించు, మరీ విడ్డూరంగా తగ్గితే ఆలోచించకుండా పెట్టు. రీకౌంటింగ్‌కి పేపర్‌కి 100 రూపాయలు, అందులో కూడిక మాత్రమే చూస్తారు. రీవెరిఫికేషన్‌కి 600 రూపాయలు తీసుకుంటూ వస్తున్నారు, నీ జవాబుపత్రం స్కాన్ కాపీ కూడా ఇస్తారు. 2019లో ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేసి, తర్వాత చూస్తే 99 అని తేలింది. రాష్ట్రమంతా అట్టుడికిన ఏడాది అది. కాబట్టి "బోర్డు తప్పు చేస్తుందా" అని నవ్వేవాళ్లని పట్టించుకోకు. గడువు మాత్రం వారం దాకానే ఉంటుంది, ఆ వారమంతా ఏడుస్తూ కూర్చుని ఎనిమిదో రోజు నా దగ్గరికి వస్తే నేనేం చేయను?

ఒక్క జాగ్రత్త, రీవెరిఫికేషన్ పెట్టినా సప్లీ ఫీజు కూడా కట్టేయ్. జవాబు ఎప్పుడొస్తుందో తెలీని దాని మీద పరీక్ష వదులుకోవద్దు.

ఎంసెట్ ర్యాంకు లక్ష దాటింది. ఏ కాలేజీ వస్తే అందులో చేరిపోవాలా?

ఇది ఏటా వందసార్లు వినే ప్రశ్న, కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

ముందు ఇది తెలుసుకో: 2023 నుంచి ఎంసెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీ లేదు. ర్యాంకంటే ఆ ఒక్క పరీక్షే. లక్ష దాటిందంటే ఆ మూడు గంటలు నీకు సరిగ్గా నడవలేదని అర్థం, దాన్నుంచి నీ తెలివి గురించి పెద్ద పెద్ద తీర్పులు ఇచ్చుకోకు. అయితే ఈ ర్యాంకుతో వచ్చే కాలేజీల్లో కొన్ని బోర్డు మీద ఇంజనీరింగ్ కాలేజీలు, లోపల ఖాళీ బిల్డింగులు. అదీ నిజమే.

తేడా ఎలా తెలుస్తుంది? వెబ్‌సైట్‌లో ఫొటోలు చూస్తే తెలీదు. మామూలు పనిరోజు మధ్యాహ్నం రెండింటికి ఆ కాలేజీకి పో. బస్సు దిగి లోపలికి నడువు, క్లాసుల్లో ఎంతమంది ఉన్నారో చూడు, ల్యాబ్ తాళం వేసి ఉందా తీసి ఉందా చూడు. క్యాంటీన్ దగ్గర మూడో సంవత్సరం పిల్లలకి ఒక చాయ్ తాగించి, నీ క్లాసులో ఎంతమందికి బ్యాక్‌లాగ్స్ ఉన్నాయని అడుగు. ఆఫీసులో కూర్చున్న ఆయన చెప్పే ప్లేస్‌మెంట్ లెక్కల కంటే ఆ చాయ్ ఎక్కువ పని చేస్తుంది.

బ్రాంచి విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. ఏఐ, ఎంఎల్ అని పేరు చివర తగిలించిన బ్రాంచి నాసిరకం కాలేజీలో చదవడం కంటే సివిలో మెకానికలో ఈఈఈనో మంచి కాలేజీలో చదవడం మేలు. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీకి సొంత ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, హైదరాబాద్ మోజులో పడి దాన్ని ఆప్షన్లలో పెట్టనివాళ్లని చూశాను.

వెబ్ ఆప్షన్లు పది పెట్టి ఆపేస్తారు చాలామంది. యాభై పెట్టు, అరవై పెట్టు, ఖర్చేం లేదు. నీకు నిజంగా ఏది ముందు కావాలో అదే వరసలో పెట్టు, "నాకు రాదులే" అని పైది తీసేయకు. నీ లాగిన్, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకు, నాకు కూడా. రెండేళ్ల కింద ఒక పిల్లవాడు ఒక ఏజెంటుకి ఇచ్చాడు, ఆయన ఒకే కాలేజీ పెట్టి, ఇక మార్చడానికి లేకుండా ఫ్రీజ్ చేశాడు. ఆ కాలేజీ నుంచి ఆయనకి ఎంత ముట్టిందో మీరే ఊహించుకోండి.

ఒకాయన ఫోన్ చేసి మేనేజ్‌మెంట్ సీటు ఇప్పిస్తానంటున్నాడు. ఇప్పుడు లక్ష కడితే చాలంట.

కట్టొద్దు. ప్రైవేటు కాలేజీలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్‌లో ర్యాంకు చూసి పోతాయి, మిగతా 30 శాతమే వాళ్ల చేతుల్లో ఉండేవి. కౌన్సెలింగ్ మొదలుకాక ముందే నీకు ఫోన్ వచ్చిందంటే ఆ కాలేజీలో సీట్లు నిండవని వాళ్లకే తెలుసు. పైగా మేనేజ్‌మెంట్ కోటాకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఆ ముక్క ఫోన్‌లో చెప్పడు. మీ నాన్న భూమి అమ్మడం గురించి మాట్లాడుతుంటే నువ్వే ఆపాలి.

నీట్ రాలేదు. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి పోనా?

ఒక్కసారి పో, దగ్గర దాకా వచ్చి తప్పితే. మన దిక్కు ఇప్పుడు పాత రోజులు కావు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022లో, గద్వాల, నారాయణపేటల్లో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సీట్లు పెరిగాయి, పోటీ కూడా పెరిగింది. 720కి 250 వచ్చినవాళ్లు మూడో ఏడాది కూడా హాస్టల్‌లో కూర్చుంటే మాత్రం నాకు బాధేస్తుంది. రెండోసారికి పోయేముందు కాగితం మీద రాసుకో: ఈసారి ఇంత రాకపోతే బీఎస్సీ నర్సింగో, ఫార్మసీనో, ల్యాబ్ టెక్నాలజీనో. రాసి మీ అక్కకో అన్నకో ఇవ్వు. అప్పుడు ఆ మాట నువ్వు మర్చిపోలేవు.

డిగ్రీ అంటే ఏదీ రానివాళ్లు చేరేదంట కదా?

ఎవడన్నాడు? మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ, నల్లగొండలో 1956 నుంచి నడుస్తున్న ఎన్జీ కాలేజీ, ఈ రెండింట్లో చదివిన సార్లూ మేడమ్‌లూ ఆఫీసర్లూ మన రెండు జిల్లాల్లో ఏ ఆఫీసుకి పోయినా కనపడతారు. ఒకప్పుడు పాలమూరు (మహబూబ్‌నగర్) పిల్లలకి పీజీ అంటే ఉస్మానియానే. 2007లో నల్లగొండకి యూనివర్సిటీ వచ్చింది, 2008లో పాలమూరు యూనివర్సిటీ వచ్చింది. మీ అమ్మానాన్నలకి లేని సౌకర్యం మీకుంది.

డిగ్రీకి లోపం ఒకటుంది, దాచను. మూడేళ్లూ ఎవరూ నిన్ను తోయరు. ఇంజనీరింగ్‌లో పరీక్షలు నెత్తిన కూర్చుంటాయి, డిగ్రీలో మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటికి వచ్చేయొచ్చు. ఆ సాయంత్రాలు ఏం చేశావన్నదే తేడా. నేను చూసిన పిల్లల్లో బాగుపడ్డవాళ్లు మొదటి ఏడాది నుంచే ఏదో ఒకటి పట్టుకున్నారు. ఒకడు ట్యాలీ, ఒకమ్మాయి లైబ్రరీలో కూర్చుని గ్రూప్స్ పుస్తకాలు, ఇంకొకడు పొద్దున ఐదింటికి గ్రౌండులో పరుగు.

అప్లికేషన్ దోస్త్‌లోనే. 2016 నుంచి రాష్ట్రంలో డిగ్రీ సీట్లు దాదాపు అన్నీ దాని ద్వారానే. రిజిస్ట్రేషన్‌కి మొదటి విడతలో 200 రూపాయలు. ఇక్కడ పిల్లలు రెండు చోట్ల దెబ్బ తింటారు. ఒకటి, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ ఎవరి దగ్గరుందో తెలీదు. నాన్న పాత సిమ్, అది పోయి మూడేళ్లయింది, ఓటీపీ గాల్లో కలుస్తుంది. రెండోది, సీటు వచ్చిందని స్టేటస్ పెట్టుకుంటారు గానీ సెల్ఫ్ రిపోర్టింగ్ (ఈ సీటు నాకు కావాలని ఆన్‌లైన్‌లో ఖాయం చేయడం) చేయరు. చేయకపోతే సీటు పోతుంది. సీటు వచ్చిన రోజే చేసేయ్, ఆఖరి రోజు సర్వర్ సంగతి నాకు తెలుసు.

ఇంజనీరింగ్, డాక్టర్, డిగ్రీ తప్ప ఇంకేం లేవా? మాది వ్యవసాయం.

బైపీసీ పిల్లలైతే ఇది రెండుసార్లు చదవండి. మన పాత పాలమూరులోనే, ఒకే రోడ్డు పట్టుకుని పోతే ఇంచుమించు వరసగా తగిలేలా, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో అగ్రికల్చర్ కాలేజీ, వనపర్తి జిల్లా మోజర్లలో హార్టికల్చర్ కాలేజీ, పెబ్బేరులో ఫిషరీస్ కాలేజీ ఉన్నాయి. మూడూ ప్రభుత్వ యూనివర్సిటీలవే. నీట్ కోసం మూడేళ్లు కూర్చున్న పిల్లల్ని అడిగితే పెబ్బేరు పేరు తెలీదంటారు, ఇంట్లో మాత్రం కృష్ణా చేపల పులుసు తింటారు. ఈ సీట్లకి ఎంసెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ విభాగం ర్యాంకు చూస్తారు, రైతుల పిల్లలకి వేరే కోటా ఉంది. దానికి పట్టాదారు పాస్‌బుక్ కావాలి, పల్లెలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. మన బత్తాయి తోటలకి తెగులు వస్తే ఎరువుల షాపు ఆయన చెప్పిందే మందు అవుతోంది, అదే చదివిన మనిషి ఊరికొక్కడున్నా బాగుండు అని నాకు అనిపిస్తుంది.

పాలిటెక్నిక్ పదో తరగతి పిల్లల మాట కాబట్టి ఒక్క ముక్కలో: డిప్లొమా చేసి ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, మీ చెల్లికో తమ్ముడికో చెప్పండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా, ఇంక డబ్బుల టెన్షన్ ఎందుకు?

వస్తుంది. ఎప్పుడొస్తుందో చెప్పలేం. నా కథ చెబుతా.

2012లో నా ఎంసీఏ అయిపోయింది. ప్రైవేటు కాలేజీ, పేరెందుకులే. చివరి ఏడాది రీయింబర్స్‌మెంట్ డబ్బు కాలేజీకి రాలేదు, రాలేదు కాబట్టి నా ఒరిజినల్ మెమోలు, టీసీ ఇచ్చేది లేదన్నారు. హైదరాబాద్‌లో ఒక ఉద్యోగం వచ్చింది, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి పది రోజులు గడువిచ్చారు. నేను ఆ పది రోజుల్లో ఆరుసార్లు కాలేజీ చుట్టూ తిరిగాను, మా నాయిన వచ్చి బతిమాలాడు, వినలేదు. ఉద్యోగం పోయింది. తర్వాతి ఏడాది ఈ షాపు పెట్టాను. బాగానే ఉన్నాను, కానీ ఆ పదో రోజు కాలేజీ గేటు ముందు చెట్టు కింద మా నాయిన చెప్పులు విప్పి కూర్చున్నది నేను మర్చిపోలేదు.

కాబట్టి చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించు, జిరాక్సులు ఇవ్వు. ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. అయినా తీసుకుంటే, ఏమేం తీసుకున్నారో రాసి స్టాంపు వేసిన రసీదు అడుగు. అడిగితే ముఖం చిట్లిస్తారు, చిట్లించనీ. అన్నీ ముందే కలర్ స్కాన్ చేసి మెయిల్‌లో, డిజిలాకర్‌లో పెట్టుకో.

ఇక లెక్క. బీసీలకి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్నంలో రెండు లక్షల లోపు ఆదాయం ఉండాలి. బీసీ పిల్లలకి ఇంజనీరింగ్‌లో పదివేల లోపు ర్యాంకుకి పూర్తి ఫీజు, దాటితే 35 వేలు, ఇన్నేళ్లుగా నడుస్తున్న పద్ధతి ఇది. అంటే లక్ష ఫీజు ఉన్న కాలేజీలో మిగతా 65 వేలు ఏటా మీ ఇంట్లోంచే పోతాయి. బస్సు, హాస్టల్, పుస్తకాలు వేరే. చేరకముందే నాన్నతో కూర్చుని నాలుగేళ్లకి ఎంతో కూడండి. కుదరకపోతే బ్యాంకు లోను అడగండి, నాలుగు లక్షల లోపు చదువు లోనుకి పొలం కాగితాలు తాకట్టు పెట్టక్కర్లేదు. మేనేజర్ తాకట్టు కావాల్సిందే అంటే, లోను ఇవ్వనని కాగితం మీద రాసిమ్మనండి. హాజరు 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది, అదొకటి గుర్తుంచుకో.

ఏ కాగితాలు రెడీ పెట్టుకోవాలి?

కుల సర్టిఫికెట్, ఈ ఏడాది ఆదాయం సర్టిఫికెట్, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్. ఆదాయం సర్టిఫికెట్‌కి మీసేవలో మే నెలలోనే పెట్టు, జూన్‌లో తహసీల్దార్ ఆఫీసు ముందు జాతర ఉంటుంది.

వీటన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది పేరు. మా దిక్కు తండాల పిల్లలకి టెన్త్ మెమోలో రమావత్ అని, ఆధార్‌లో రామావత్ అని, కుల సర్టిఫికెట్‌లో అసలు ఇంటిపేరే లేకుండా ఉంటుంది. టెన్త్ మెమోలో ఎలా ఉందో అదే పట్టుకో, మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్పించు. ఇప్పుడే చెయ్, వేసవిలో. ఒక్క దీర్ఘం కోసం నెల రోజులు తిరిగినవాళ్లున్నారు.

మా ఇంట్లో పెళ్లి చేసేస్తామంటున్నారు. నాకు చదవాలనుంది.

చెల్లే, నీ వయసెంత? 18 నిండకపోతే అది నేరం, 1098కి ఫోన్ చేస్తే వచ్చి ఆపుతారు, ఎవరు చేశారో బయటికి చెప్పరు. కల్యాణలక్ష్మి లక్షా నూటపదహార్లు కూడా 18 నిండని పెళ్లికి రావు, ఈ మాట కొన్ని ఇళ్లలో చట్టం కంటే బాగా పని చేస్తుంది.

18 నిండితే నీ ఇష్టం లేకుండా చేయడానికి ఎవరికీ హక్కు లేదు. కానీ ఇంట్లో రోజూ యుద్ధం చేయడం కష్టమని నాకు తెలుసు. నేను చూసినంతలో పని చేసింది ఏంటంటే, మీ నాన్న మాట వినే మనిషిని ఒకరిని పట్టుకోవడం: మేనమామ, పాత స్కూలు సారు, ఊళ్లో ఆశా వర్కర్, ఎవరైనా సరే. "చదువు ఆపండి" అనేవాళ్ల లెక్క దాదాపు ఎప్పుడూ ఖర్చు, ప్రయాణం, ఆ తర్వాత నలుగురు ఏమంటారో అనేది. ప్రయాణం సంగతి చెప్పు: 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. మా ఊరి నుంచి రోజూ పోయి వచ్చే అమ్మాయిలు ఆ బస్సులో సీటు కోసం కొట్లాడుతున్నారు ఇప్పుడు. దేవరకొండలో ఎంకేఆర్ ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది, పాలమూరులో ఆడపిల్లలకి ఎన్టీఆర్ కాలేజీ ఉంది. దగ్గర కాలేజీ పేరు చెప్పి మొదలుపెట్టు, ముందు గడప దాటు.

అన్నీ అయ్యాక కూడా కుదరలేదనుకో, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982 నుంచి ఉన్నదే ఇలాంటివాళ్ల కోసం. ఇద్దరు పిల్లలు పుట్టాక డిగ్రీ పూర్తి చేసి అంగన్‌వాడీలోనో, టీచరుగానో ఉన్నవాళ్లు నా దగ్గరికే వచ్చి హాల్‌టికెట్ తీసుకుపోయారు.

వెంటనే ఉద్యోగం కావాలి. ఇంట్లో పరిస్థితి బాలేదు.

సిగ్గుపడే పని కాదు. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకి ఎన్ని తరాలు మట్టి పనికి పోయాయో తెలిసినవాళ్లెవరూ సంపాదన అవసరాన్ని తక్కువ చేసి మాట్లాడరు. కానీ ఒక్క మాట అడుగుతా: మీ నాన్న అక్కడ మేస్త్రీ కింద చేసిన పనే నువ్వూ చేయడానికి పోతున్నావా? అది ఐదేళ్ల తర్వాత కూడా దొరుకుతుంది. ముందు వేరేవి చూడు.

ఇంటర్‌తో కానిస్టేబుల్‌కి పోవచ్చు. 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలకి 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. అబ్బాయిలకి ఎత్తు 167.6 సెంటీమీటర్లు, అమ్మాయిలకి 152.5. ఎత్తు ఈరోజే కొలుచుకో, లేని ఎత్తు కోసం మూడేళ్లు కోచింగ్‌లో పోసినవాణ్ణి చూశాను. సైన్యంలో అగ్నివీర్‌కి పదిహేడున్నర నుంచి 21 ఏళ్లు, నాలుగేళ్లు సర్వీసు, ఆ తర్వాత నూటికి 25 మందినే ఉంచుకుంటారు, ఆ లెక్క తెలిసే పో. కేంద్రం వాళ్ల ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) జీడీ కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు, చాలామందికి ఈ సంగతే తెలీదు.

జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో, చౌటుప్పల్ దిక్కు ఫార్మా కంపెనీల్లో ఇంటర్ బైపీసీ వాళ్లని, ఐటీఐ వాళ్లని తీసుకుంటారు. పోయేముందు పీఎఫ్ కడతారా, ఎన్ని షిఫ్టులు, కాంట్రాక్టరు పేరు మీదా కంపెనీ పేరు మీదా అని అడుగు. పని చేస్తూ ఓపెన్‌లో డిగ్రీ కట్టు. మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది.

ఇంగ్లీష్ రాదన్నా.

నాకూ రాదు, ఇప్పటికీ ఫోన్‌లో హిందీ ఇంగ్లీష్ కలిపి కొట్టేస్తా. తెలుగు మీడియం నుంచి పోయినవాళ్లు మొదటి ఆరునెలలు నోరు మూసుకుని కూర్చుంటారు, అందులో తప్పేం లేదు, చెవులు మూసుకోకుండా ఉంటే చాలు. తప్పుగా మాట్లాడితే నవ్వేవాడొకడు ప్రతి క్లాసులో ఉంటాడు. వాడు కూడా ఏదో ఒక ఊరినుంచే వచ్చి ఉంటాడు.

హైదరాబాద్ పోతేనే బాగుపడతామా?

దేవరకొండ నుంచి మాల్ అనే ఊరి మీదుగా రెండున్నర గంటలు, దూరం పెద్దది కాదు. హాస్టల్, మెస్ కలిపి నెలకి ఎంతవుతుందో అక్కడున్న సీనియర్‌ని అడుగు, దానికి వెయ్యి కలుపు. ఇంట్లోంచి అంత వస్తుందంటే పో, చూడాల్సినవి చాలా ఉన్నాయి. రాదంటే నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో చదివి పీజీకి పో. అప్పటికి బుర్ర కూడా కొంచెం గట్టిపడుతుంది.

మా పిల్లవాడు ఫోన్ వదలడు, వీడు బాగుపడతాడా? (ఇది అమ్మానాన్నల ప్రశ్న)

పెదనాయినా, ఆ ఫోన్‌లోనే వాడి హాల్‌టికెట్, సీటు అలాట్‌మెంట్, ఫీజు రసీదు అన్నీ ఉన్నాయి, విసిరి కొట్టకండి. పక్కింటి పిల్లవాడి ర్యాంకు వాడి ముందు చెప్పకండి. ఒక పని చేయండి, వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు పొలం పని ఒక్క పూట ఆపి వాడి పక్కన కూర్చోండి. మీకు చదవడం రాకపోయినా ఫర్వాలేదు, కాలేజీ పేరు, ఊరు, ఫీజు పైకి చదవమనండి. అలా కూర్చున్న తండ్రుల్ని నేను చాలా తక్కువమందినే చూశాను.

నువ్వు ఎంత తీసుకుంటావు? షాపు ఎప్పుడు తెరుస్తావు?

దోస్త్‌కి యాభై, వెబ్ ఆప్షన్లకి వంద, ప్రభుత్వ ఫీజు వేరే. మీ ఫోన్‌లో మీరే చేసుకోగలిగితే నా దగ్గరికి రావక్కర్లేదు, నిజంగానే చెబుతున్నాను. ఫెయిలయినవాళ్లకి సప్లీ ఫీజు కట్టడానికి నేనేం తీసుకోను. మామూలు రోజుల్లో ఎనిమిదిన్నరకి తెరుస్తాను, రిజల్ట్ రోజు, ఆఖరి తేదీ రోజు ఏడింటికే. వచ్చేటప్పుడు ఆధార్‌కి లింకున్న ఫోన్ తీసుకురా. అది మీ నాన్న దగ్గరుంటే నాన్ననే తీసుకురా, ఫోన్ చార్జింగ్ పెట్టించి.